వేసుకున్న టీకాకూ వయసుంటుంది

"అప్పుడే రెండు సూదులు ఏసుకున్న గద బిడ్డా, మళ్లెందుకు?"

నర్సంపేట చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా అరవై దాటిన వాళ్ల దగ్గర టీకా మాట ఎత్తండి, ఈ ప్రశ్న ఎదురవుతుంది. దీన్ని మొండితనం అనుకోవద్దు. జన్మంతా కాపాడిన టీకాను ఆ తరం కళ్లారా చూసింది. చిన్నప్పుడు వేసిన మశూచి టీకా మచ్చ ఇప్పటికీ చాలామంది చేతుల మీద గుండ్రంగా కనిపిస్తుంది. ఊళ్లకు ఊళ్లను వణికించిన ఆ జబ్బు 1975 మే తర్వాత మన దేశంలో మళ్లీ కనిపించలేదు. అలాంటి అనుభవం ఉన్నవాళ్లను ఏడాది తిరక్కుండానే మరో డోసు వేసుకోమంటే అనుమానం రావడం న్యాయమే.

ఆ అనుమానానికి జవాబు చెప్పడమే ఈ అధ్యాయం పని. అన్ని టీకాలకూ ఒకటే ఆయుష్షు ఉండదు. ఒకే టీకా కూడా పాతికేళ్ల ఒంట్లో నిలిచినంత కాలం డెబ్బై ఏళ్ల ఒంట్లో నిలవకపోవచ్చు. అందుకే "వేసుకున్నాను" అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. ఎప్పుడు వేసుకున్నారు, ఎన్ని డోసులు పూర్తయ్యాయి, మళ్లీ ఎప్పుడు అవసరం? ఈ మూడూ తెలిస్తేనే ఆ మాటకు విలువ.

కరోనా నేర్పిన లెక్క

మన దేశంలో అరవై దాటిన వాళ్లందరికీ కరోనా టీకా 2021 మార్చి 1న మొదలైంది. రెండు డోసులూ వేసుకుని, ఇక భయం లేదనుకున్న వాళ్లలో కొందరికి ఆ ఏడాది చివర మళ్లీ జ్వరం, దగ్గు వచ్చాయి. "మరి టీకా ఏం పనిచేసినట్టు?" అన్న ప్రశ్న ఇంటింటా వినిపించింది.

ఈ ప్రశ్నకు ఒక జవాబు హైదరాబాద్ నుంచే వచ్చింది. ఏఐజీ ఆసుపత్రి వైద్యులు రెండు డోసులూ పూర్తయిన 1,636 మందిని పరీక్షించి 2022 జనవరిలో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలలు గడిచేసరికి దాదాపు 30 శాతం మందిలో యాంటీబాడీలు, రక్షణకు కనీసం అవసరమని వాళ్లు లెక్కగట్టిన 100 యూనిట్ల కంటే తక్కువకు పడిపోయాయి. అలా పడిపోయిన వాళ్లలో ఎక్కువ మంది నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు.

అదే నెల 10వ తేదీ నుంచి దీర్ఘకాలిక జబ్బులున్న అరవై దాటినవాళ్లకు ప్రభుత్వం ముందు జాగ్రత్త డోసు ఇవ్వడం మొదలుపెట్టింది. మార్చి 16 నుంచి అరవై దాటిన అందరికీ ఇచ్చింది. రెండో డోసు తర్వాత తొమ్మిది నెలలు ఆగాలన్న నియమాన్ని జులైలో ఆరు నెలలకు తగ్గించింది. టీకా రక్షణలో కాలానికీ, ఒంటి పరిస్థితికీ వాటా ఉందని అందరికీ ఒకేసారి తెలిసొచ్చిన సందర్భం అది.

అయితే అదే జనవరిలో ఇంకో సంగతి కూడా జరిగింది. ఒమిక్రాన్ చాలామందికి సోకినా, 2021 వేసవిలోలాగా ఆక్సిజన్ కోసం పరుగులు పెట్టాల్సిన పరిస్థితి రాలేదు. ఆ వైరస్ తీరు వేరవడం ఒక కారణమైతే, టీకాలతో, అంతకుముందు సోకిన జబ్బుతో జనంలో మిగిలిన రక్షణ మరో కారణం. యాంటీబాడీలు తగ్గినా లోపల ఏదో మిగిలే ఉందన్నమాట. ఆ మిగిలినదేమిటో తెలుసుకుంటే మిగతా అధ్యాయమంతా తేలికవుతుంది.

తగ్గేదేది, మిగిలేదేది

టీకా పడిన రెండు మూడు వారాల్లో ఒంట్లో యాంటీబాడీలు బాగా పెరుగుతాయి. క్రిమి లోపలికి రాగానే దానికి అతుక్కుని, కణాల్లోకి చొరబడకుండా అడ్డుకునేవి ఇవే. వీటిని తయారు చేసే కణాల్లో చాలావరకు కొద్ది నెలల్లో అంతరించిపోతాయి. కొన్ని మాత్రం ఎముక మజ్జలో చేరి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా యాంటీబాడీలు తయారు చేస్తూనే ఉంటాయి. వీటితోపాటు ఆ క్రిమి రూపాన్ని గుర్తుపెట్టుకునే జ్ఞాపక కణాలూ, క్రిమి చేరిన కణాలను వెతికి చంపే టీ కణాలూ మిగులుతాయి.

నర్సంపేట వాళ్లకు పాఖాల చెరువు తీరు తెలిసిందే. ఎండాకాలం నీళ్లు తగ్గాయంటే చెరువు పోయినట్టు కాదు. కట్ట ఉంది, వాగులు ఉన్నాయి, వాన పడితే మళ్లీ నిండుతుంది. రక్తంలో యాంటీబాడీలు ఆ నీటిమట్టం లాంటివి. జ్ఞాపక కణాలు ఆ వాగులు. బూస్టర్ డోసు వాన పని చేస్తుంది.

మరి జ్ఞాపకం ఉంటే చాలదా, మళ్లీ డోసు ఎందుకు? జ్ఞాపక కణాలు మేల్కొని యాంటీబాడీలను తయారు చేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ముక్కు, గొంతుల్లో మొదలై ఊపిరితిత్తులకు చేరడానికి వారం తీసుకునే జబ్బయితే ఆ వ్యవధి సరిపోతుంది. జబ్బు వచ్చినా ప్రాణం మీదికి రాదు. ఫ్లూ అలా కాదు, సోకిన రెండు రోజులకే మంచాన పడేస్తుంది. ధనుర్వాతం కథ ఇంకా వేరు. ఆ క్రిమి విడుదల చేసే విషం ఎంత తీవ్రమైనదంటే, మనిషిని చంపగల మోతాదు కూడా రోగనిరోధక వ్యవస్థను మేల్కొలపడానికి చాలదు. ధనుర్వాతం వచ్చి బతికి బయటపడిన మనిషికి కూడా దానివల్ల రక్షణ రాదు, టీకా వేయాల్సిందే. గాయమైన రోజుకు రక్తంలో యాంటీబాడీలు సిద్ధంగా ఉండాలి. అందుకే కొన్ని టీకాలకు మళ్లీ డోసు తప్పదు.

వయసు ఏం చేస్తుంది

రొమ్ము ఎముక వెనక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. కొత్త టీ కణాలు తర్ఫీదు పొందేది అక్కడే. యవ్వనం నుంచే అది కుంచించుకుపోతూ, అరవై దాటేసరికి చాలావరకు కొవ్వుగా మారుతుంది. పాతికేళ్లప్పుడు నేర్చుకున్న పాఠం ఒంటికి గుర్తుంటుంది కానీ, డెబ్బైలో కొత్త పాఠం నేర్పడం కష్టమవుతుంది. నేర్చుకున్నా త్వరగా మసకబారుతుంది.

హెపటైటిస్ బి టీకానే చూడండి. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తయారు చేసి, సామాన్యుడికి అందే ధరకు తెచ్చిన టీకా అది. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో పదిమందికి వేస్తే తొమ్మిది మందికి పైగా రక్షణ వస్తుంది. అరవై ఏళ్ల వయసులో మొదటిసారి వేసుకుంటే నలుగురిలో ముగ్గురికే వస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలోనూ టీకా ప్రభావం తక్కువే, అందుకే డయాలసిస్‌కు వెళ్లే వాళ్లకు మోతాదు పెంచి వేస్తారు. ఏడాదికోసారి రక్తపరీక్ష చేసి, యాంటీబాడీలు తగ్గితే బూస్టర్ ఇస్తారు.

వయసుకు తోడు మరికొన్ని కారణాలున్నాయి. అదుపులో లేని షుగర్, మూత్రపిండాల జబ్బు, పళ్లు లేవనో ఆకలి లేదనో పప్పు, గుడ్డు మానేసి గంజితో సరిపెట్టుకోవడం వల్ల వచ్చే ప్రొటీన్ లోపం, ఇవన్నీ టీకా ప్రభావాన్ని తగ్గిస్తాయి. మోకాళ్ల నొప్పులకో ఆయాసానికో నెలల తరబడి వాడే స్టెరాయిడ్ మాత్రలు కూడా అంతే. మీ ఇంట్లో పెద్దవాళ్లు నొప్పులకు వాడే మాత్రలేమిటో చీటీతో సహా డాక్టర్‌కు చూపించండి. వాటిని సొంతంగా హఠాత్తుగా ఆపడం మాత్రం ప్రమాదం.

ఇదంతా చదివి నిరాశపడాల్సిన పని లేదు. ముసలి ఒంటికి సరిపడే టీకాలను శాస్త్రవేత్తలు తయారు చేస్తూనే ఉన్నారు. 65 దాటిన వాళ్ల కోసం మామూలు మోతాదుకు నాలుగింతలతో ఒక ఫ్లూ టీకా చేసి చూస్తే, మామూలు టీకా కంటే 24 శాతం ఎక్కువగా జబ్బును ఆపిందని 2014లో తేలింది. రోగనిరోధక వ్యవస్థను గట్టిగా తట్టిలేపే పదార్థాన్ని కలిపి చేసిన అక్కి టీకా, డెబ్బై దాటిన వాళ్లలో కూడా దాదాపు 90 శాతం రక్షణ ఇచ్చింది. ఒంటి శక్తి తగ్గిన చోట టీకా బలం పెంచారన్నమాట.

ఏ టీకా ఎంతకాలం?

*మశూచి:* పాతిక నుంచి డెబ్బై అయిదేళ్ల కిందట టీకా వేసుకున్న వాళ్లను అమెరికాలో పరీక్షిస్తే, పదిమందిలో తొమ్మిది మందికి పైగా ఇంకా చెప్పుకోదగ్గ రోగనిరోధక శక్తి ఉందని 2003లో తేలింది. చేతి మీది ఆ మచ్చ ఉత్త మచ్చ కాదు. ఈ టీకా మళ్లీ అక్కర్లేదు. ఆ జబ్బే ప్రపంచంలో లేదు.

*ధనుర్వాతం, కంఠసర్పి:* రక్తంలో ధనుర్వాతం యాంటీబాడీలు సగానికి తగ్గడానికి సుమారు 11 ఏళ్లు, కంఠసర్పి యాంటీబాడీలకు సుమారు 19 ఏళ్లు పడుతుందని 2007లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఈ రెంటికీ కలిపి ఇచ్చే టీడీ డోసును పదేళ్లకోసారి వేసుకోమని సాధారణంగా చెబుతారు. కానీ మన పెద్దవాళ్ల విషయంలో దీనికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం మొదలైందే 1978లో. అంతకు ముందు పుట్టిన వాళ్లలో చాలామందికి చిన్నప్పటి డోసులే పడలేదు. ఆడవాళ్లకు కాన్పులప్పుడు కొన్ని సూదులు పడి ఉంటాయి. మగవాళ్లకు గాయమైనప్పుడు ఒక్కటి పడితే పడినట్టు. ఇలాంటి వాళ్లకు బూస్టర్ ఒక్కటి చాలదు. మొదట ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఇంకొకటి, మొత్తం మూడు కావాలి.

*ఫ్లూ:* యాంటీబాడీలు నెలల్లోనే తగ్గుతాయి, వైరస్ కూడా ఏటా రూపు మార్చుకుంటుంది. కాబట్టి ఏడాదికోసారి వేసుకోవాలి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. మనకు వానాకాలంలో ఫ్లూ ఎక్కువ కనుక తొలకరికి ముందే వేయించుకోవడం మంచిది.

*న్యుమోకాకల్ న్యుమోనియా:* దీనికి రెండు రకాల టీకాలున్నాయి. 23 రకాల క్రిములపై పనిచేసే పాత టీకా, క్రిమి పైపొరలోని చక్కెర పదార్థంతోనే చేసింది. దానికి జ్ఞాపక కణాలు సరిగా ఏర్పడవు, ప్రభావం కొన్నేళ్లకే తగ్గుతుంది. ఆ పదార్థానికి ప్రొటీన్ జోడించి చేసిన కాంజుగేట్ టీకా నయం. నెదర్లాండ్స్‌లో 65 దాటిన 84 వేల మందిపై చేసిన అధ్యయనంలో, టీకాలో ఉన్న రకాల క్రిములతో వచ్చే న్యుమోనియాను అది దాదాపు 45 శాతం తగ్గించింది. పరిశీలించిన నాలుగేళ్లలో ఆ రక్షణ సడలలేదు. రెంటిలో ఏది ముందు, ఎంత వ్యవధితో అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు.

*అక్కి:* నడుము చుట్టూనో ముఖం మీదో పొక్కులతో మంట పుట్టించే ఈ జబ్బుకు ఊళ్లలో జాజుతో అక్కి రాయిస్తారు. నిజానికి ఇది చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్సే. నరాల్లో ఏళ్ల తరబడి దాగి ఉండి, వయసుతో టీ కణాల శక్తి తగ్గినప్పుడు పైకి లేస్తుంది. పొక్కులు మానినా కొందరికి నెలల తరబడి నరాల నొప్పి మిగులుతుంది. పాతరకం టీకా డెబ్బై దాటిన వాళ్లలో 38 శాతమే పనిచేసింది, అదీ ఏళ్లు గడిచేకొద్దీ కరిగిపోయింది. 2023లో మన దేశానికి వచ్చిన కొత్త టీకాను రెండు నుంచి ఆరు నెలల వ్యవధిలో రెండు డోసులుగా వేస్తారు. దాని రక్షణ పదేళ్లు దాటినా గట్టిగానే నిలిచిందని అధ్యయనాలు చూపించాయి. ఖరీదు ఎక్కువే, డోసుకు వేల రూపాయలవుతుంది. పొక్కులు వచ్చాక మాత్రం మూడు రోజుల్లోపు డాక్టర్ దగ్గరికి వెళ్లి మందు మొదలుపెట్టాలి. అక్కి రాయించుకుంటూ ఆ విలువైన గడువు పోగొట్టుకోవద్దు.

మన ఊరికి ముందు ఏది ముఖ్యం?

డబ్బులు అందరికీ ఒకేలా ఉండవు కాబట్టి వరుస తెలియాలి. మిరప, పత్తి, మక్క, వరి పండించే ప్రాంతం ఇది. ధనుర్వాతం క్రిమి బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. కొడవలి గాటు, కాలిలో దిగిన ముల్లు, కొట్టంలో గీసుకున్న ఇనుప ముక్క చాలు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు కాలికి దెబ్బ తగిలినా తెలియదు. అందుకే నర్సంపేట పరిసరాల్లో ప్రతి పెద్దమనిషికీ మొదటి టీకా టీడీయే. ఖర్చు కూడా చాలా తక్కువ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. మట్టి పడిన గాయమైతే, చివరి డోసు వేసుకుని అయిదేళ్లు దాటిందా అని చూసుకోవాలి. మూడు డోసులు ఎప్పుడూ పూర్తికాని వాళ్లకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం కావచ్చు. ఆ మాట డాక్టర్‌కు మీరే గుర్తుచేయండి.

రెండోది కుక్కకాటు, కోతికాటు. గతంలో రేబిస్ టీకాలు పూర్తిగా వేసుకున్నవాళ్లను మళ్లీ కరిస్తే, పాత రక్షణ ఉందిలే అని ఊరుకోకూడదు. గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. ఇలాంటి వాళ్లకు ఆ రోజు ఒకటి, మూడు రోజుల తర్వాత ఒకటి, రెండు డోసులే చాలు. జ్ఞాపక కణాలు చేసే మేలుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. అయితే పాత టీకాల చీటీ దగ్గరుంటేనే ఆ మేలు దక్కుతుంది.

ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఆ తర్వాత. ఆయాసం, గుండె జబ్బు, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు వీటిని వాయిదా వేయొద్దు. పెద్దవాళ్లకు ఇవి సాధారణంగా ప్రైవేటులో కొనుక్కోవాల్సి వస్తుంది కాబట్టి ముందే ధర కనుక్కుని, పంట డబ్బులు చేతికొచ్చిన నెలలో కొంత పక్కన పెట్టండి. అక్కి టీకా స్తోమతను బట్టి. కరోనా డోసు అవసరమో కాదో మీ జబ్బులు, వయసు, చివరి డోసు తేదీ చూసి డాక్టర్ చెబుతారు.

ఒక కాగితం చాలు

పెద్దవాళ్ల టీకాల విషయంలో చాలా ఇళ్లలో అసలు లోటు లెక్క లేకపోవడమే. పిల్లలకు టీకాల కార్డు ఉంటుంది, పెద్దవాళ్లకు ఉండదు. మీరే తయారు చేయండి.

1. ఒక తెల్లకాగితం మీద అయిదు గళ్లు గీయండి: టీకా పేరు, వేసిన తేదీ, ఎన్నో డోసు, ఎక్కడ వేశారు, మళ్లీ ఎప్పుడు.
2. తెలిసినంత వరకు నింపండి. కరోనా డోసుల తేదీలు కోవిన్ సర్టిఫికెట్‌లో ఉంటాయి. గుర్తులేని వాటి దగ్గర "తెలియదు" అనే రాయండి. ధనుర్వాతం విషయంలో, తెలియదంటే వేసుకోనట్టే లెక్క.
3. కాగితం వెనక షుగర్, బీపీ, ఆస్తమా లాంటి జబ్బులు, రోజూ వాడే మందులు, పడని మందులు రాయండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి పైన రాయండి.
4. ఆ కాగితాన్ని మీ ఊరి ఏఎన్‌ఎంకు గానీ, నర్సంపేట ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్‌కు గానీ చూపించి "మళ్లీ ఎప్పుడు" అన్న గడి నింపించుకోండి. 2024 నుంచి నర్సంపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా ఉంది కాబట్టి సలహా కోసం వరంగల్ దాకా పోవాల్సిన అవసరం చాలాసార్లు రాదు.
5. ఫొటో తీసి, దూరంగా ఉన్న కొడుకులకూ కూతుళ్లకూ పంపండి. ఆపదలో ఫోన్ వెళ్లేది వాళ్లకే.

టీకా రోజున ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, షుగర్ మాత్ర మానొద్దు. జ్వరం గట్టిగా ఉంటే తగ్గాక వెళ్లండి. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోండి. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు నలత ఉండొచ్చు, భయపడొద్దు.

ఎక్కువమంది అడిగేవి

*యాంటీబాడీ పరీక్ష చేయించుకుని, తక్కువుంటేనే వేసుకోవచ్చా?* హెపటైటిస్ బి లాంటి కొన్నింటికి ఆ పరీక్ష పనికొస్తుంది. ఎక్కువ టీకాలకు అక్కర్లేదు. ఆ అంకె జ్ఞాపక కణాల సంగతి చెప్పదు. ఆ డబ్బు టీకాకే పెట్టండి.

*టీకా వేసుకున్నా జబ్బు వచ్చింది కదా?* రావచ్చు. జబ్బు రానివ్వకపోవడం ఒక రక్షణ, వచ్చినా ఐసీయూ దాకా వెళ్లనివ్వకపోవడం ఇంకో రక్షణ. వయసుతోపాటు మొదటిది త్వరగా తగ్గుతుంది, రెండోది ఎక్కువకాలం నిలుస్తుంది. పెద్దవాళ్లకు కావాల్సింది ముఖ్యంగా ఆ రెండోదే.

*డెబ్బై అయిదేళ్లొచ్చాయి, ఇప్పుడెందుకు?* ఈ మాటను ఇంట్లో ఎవరూ ఒప్పుకోకండి. తన పని తాను చేసుకుంటూ పొలం దాకా నడిచి వెళ్లే మనిషిని ఒక్క న్యుమోనియా నెల రోజులు మంచానికి కట్టేస్తుంది. ఆ వయసులో మంచం మీద గడిచిన నెలలో కాళ్లు కోల్పోయిన బలం తిరిగి రావడం చాలా కష్టం. టీకా వాళ్లకు ఆయుష్షుతోపాటు ఒకరి మీద ఆధారపడకుండా బతికే రోజులను కూడా మిగులుస్తుంది.

కాబట్టి వచ్చే ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఆ కాగితం రాయండి. సోమవారం టీడీ డోసుతో మొదలుపెట్టండి. "మళ్లెందుకు?" అని అమ్మో బాపో అడిగితే విసుక్కోకుండా పక్కన కూర్చుని, అప్పుడు వేసుకున్న సూది మంచిదేనని, అది ఇన్నాళ్లూ కాపాడిందని, దాని గడువు తీరింది కాబట్టే ఇంకొకటి కావాలని చెప్పండి. అడిగిన ప్రతిసారీ అంతే ఓపికగా చెప్పండి. వాళ్లు ఒప్పుకోవడానికి కావాల్సింది ఆ ఓపికే.